పరిశోధనకు పైకము, ప్రజలకు లెక్క

ఫిబ్రవరి నెలలో నంద్యాల నుండి కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు బస్సులో పోవువారికి, రోడ్డునకు ఇరుప్రక్కల నల్లరేగడి చేలలో కోతకు వచ్చిన శనగపైరు కనిపించును. వేరుశనగతో తారుమారు కాకుండుటకు ఈ సీమలో దీనిని పప్పుశనగ అని వేరుగా చెప్పుదురు. నలుబది ఏండ్ల క్రిందట ఈ పైరు ఇక్కడ ఇంత విస్తారముగా లేదు. జొన్న, కొర్ర, ప్రత్తి ఉండెడివి. పప్పుశనగ ఉత్తరదేశపు చలికి తగిన పైరు గాని మన ఎండలకు తగినది కాదని అప్పటి అభిప్రాయము.

అదే కడప జిల్లాలో ఇంకను దక్షిణముగా, పులివెందుల సమీపమున వేముల మండలము ఉన్నది. అక్కడి తుమ్మలపల్లెలో యురేనియము గని కలదు. గని వ్యర్థములను నిలువచేయు చెరువుకు దాపున ఉన్న పల్లెలలో రైతులు కొంతకాలముగా ఒక ప్రశ్న అడుగుచున్నారు: "మా బోరునీరు త్రాగవచ్చునా? అరటితోటకు పారించవచ్చునా?"

మొదటి దృశ్యము పరిశోధన ఇచ్చిన ఫలము. రెండవది పరిశోధన ఇయ్యవలసిన జవాబు. ఈ రెంటికిని సంబంధము ఏమి? శాస్త్రజ్ఞులు ప్రజల ముందు రెండు మాటలు పెట్టుచుందురు. పరిశోధనకు ప్రజాధనము చాలినంత కేటాయించవలెననునది ఒకటి. ఆ ధనముతో జరిగిన పనికి, ఆ పనిని ఆధారము చేసికొని ప్రభుత్వము తీసికొన్న నిర్ణయములకు, బహిరంగముగా లెక్క చెప్పవలెననునది రెండవది. చాలమంది ఇవి వేర్వేరు కోరికలని తలంతురు. మొదటిది శాస్త్రజ్ఞుల స్వలాభమనియు, రెండవది వారికి ఇష్టములేని కట్టడి అనియు అనుకొనువారును కలరు. మన కర్నూలు, కడప సీమల అనుభవమును పరిశీలించినచో ఇవి రెండును ఒకే కోరిక అని తెలియును.

కరవు నేర్పిన పాఠము

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమును పీడించిన మహాక్షామములో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతములు మిక్కిలి నష్టపడినవి. ఆ తరువాత నియమింపబడిన క్షామ విచారణ సంఘము 1880లో తన నివేదికను సమర్పించి, ప్రతి రాష్ట్రములోను వ్యవసాయశాఖ ఉండవలెనని సిఫార్సు చేసినది. మద్రాసు రాష్ట్రములో 1882లో వ్యవసాయశాఖ ఏర్పడినది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినది. నూరేండ్లు దాటిన ఈ క్షేత్రము ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాంతీయ పరిశోధన స్థానము. ప్రత్తి, జొన్న, కొర్ర, పప్పుశనగ, ప్రొద్దుతిరుగుడు వంటి మెట్టపైరుల మీద అక్కడ పని జరుగుచున్నది.

ఈ పనిని ప్రభుత్వమే ఎందుకు చేయవలెను? లాభము ఉన్నచో కంపెనీలు చేయవా? ఈ ప్రశ్నకు జవాబు శనగపువ్వులోనే ఉన్నది.

పప్పుశనగ స్వపరాగ సంపర్కము గల మొక్క. పువ్వు పూర్తిగా విప్పారక మునుపే దాని పుప్పొడి దాని కీలాగ్రము మీదనే పడును. అందుచేత ఒక మేలురకము విత్తనమును రైతు ఒకసారి తెచ్చుకొన్నచో, దాని సంతతి తల్లిమొక్కను పోలియే ఉండును. మరుసటి ఏడు తన గాదెలోని గింజనే విత్తుకొనవచ్చును, పొరుగువానికి ఇయ్యవచ్చును. సంకరజాతి ప్రత్తి, మొక్కజొన్నల విషయము అట్లు కాదు. సంకరవిత్తనపు గుణములు రెండవ తరములో చెదరిపోవును గనుక రైతు ఏటేట కొనక తప్పదు. కంపెనీలకు సంకరవిత్తనముల మీద ఆసక్తి, శనగ, కొర్రల మీద అనాసక్తి కలుగుటకు కారణము ఇదియే. పది, పన్నెండేండ్లు శ్రమించి రకమును తయారుచేసి, ఒక్కమారు మాత్రమే అమ్ముకొను వ్యాపారము ఎవరు చేయుదురు? కంపెనీవారిని నిందించి ప్రయోజనము లేదు. లాభము కంపెనీకి గాక సమాజమంతటికి చెందునట్టి పరిశోధనకు సమాజమే, అనగా ప్రభుత్వ ఖజానాయే, ఖర్చు పెట్టుకొనవలెను.

పప్పుశనగ కథ

కర్నూలు, కడప జిల్లాలలో ఏడాదికి పడు వాన సగటున 650 నుండి 700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్ నుండి అక్టోబరు లోపల పడును. నల్లరేగడిలోని బంకమట్టి రేణువులు నీటిని పీల్చి ఉబ్బును, ఆరినప్పుడు బీటలు వారును. బాగుగా తడిసిన రేగడి చాలకాలము తేమను తన కడుపులో దాచుకొనును. హింగారి పైరును రైతు అక్టోబరు, నవంబరు నెలలలో ఈ తేమను నమ్మి విత్తును. ఆ తరువాత వాన సామాన్యముగా రాదు. మొక్క తన జీవితమంతయు నేలలో ఉన్న నిలువ నుండి ఖర్చుచేసికొని గడుపవలెను.

ఇక్కడనే చిక్కు. మొక్క ఆలస్యముగా పూచి, ఆలస్యముగా కాయ పట్టునది ఐనచో, గింజ ఊరు సమయమునకు నేలలోని తేమ అయిపోవును. జనవరి దాటిన పిమ్మట ఎండయు పెరుగును. ఆకు ఉండి, పువ్వు ఉండి, గింజ తాలు అగును. దీనిని చివరిదశ బెట్ట అందురు. దీనికి తోడు ఎండుతెగులు అను మరియొక శత్రువు ఉన్నది. ఇది ఫ్యుజేరియం అను శిలీంధ్రము వలన కలుగును. నేలలో ఏండ్ల తరబడి బ్రదికి ఉండి, వేరుద్వారా ప్రవేశించి, నీరు ప్రవహించు నాళములను మూసివేయును. కర్ణాటకలో తయారై 1978లో విడుదలయిన అన్నిగేరి రకము ఈ ప్రాంతమున చాలకాలము సాగులో ఉండినది. కాని కాలక్రమమున అది ఈ తెగులునకు లోబడినది.

పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, శాస్త్రజ్ఞులు ఈ చిక్కును వేరొక వైపు నుండి చూచినారు. బెట్టను తట్టుకొను మొక్క దొరుకుట కష్టము. బెట్ట రాకమునుపే పని ముగించుకొను మొక్కను తయారుచేయరాదా? త్వరగా పూచు మొక్కలను, తెగులును ఓర్చు మొక్కలను ఏరి, సంకరము చేసి, తరతరముగా ఎన్నిక చేసినారు. తెగులు నిండిన మడులలో కావలెననియే విత్తి, చచ్చినవానిని వదలి, మిగిలినవానిని తీసికొన్నారు. అట్లు వచ్చిన ఐ.సి.సి.వి. 2 అను కాబూలీ రకము 1989లో 'శ్వేత' అను పేర మన రాష్ట్రములో విడుదల అయినది. అది సుమారు 85 దినములలో కోతకు వచ్చును. ఆ పిమ్మట ఇక్రిశాట్ పదార్థము నుండి జబల్‌పూరులోని జవహర్‌లాల్ నెహ్రూ వ్యవసాయ విశ్వవిద్యాలయము సహకారముతో జె.జి. 11 అను దేశవాళీ రకము 1999లో వచ్చినది. ఇది 95, 100 దినముల పైరు, ఎండుతెగులును తట్టుకొనును, గింజ కొంచెము పెద్దది. మన నల్లరేగడికి ఇది సరిగ్గా అతికినది.

ఫలితము ఏమి? 1999-2000 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పప్పుశనగ దిగుబడి హెక్టారునకు సగటున 583 కిలోలు. 2008-09 నాటికి అది 1,407 కిలోలు అయినది. మొత్తము ఉత్పత్తి సుమారు 95 వేల టన్నుల నుండి 8 లక్షల 84 వేల టన్నులకు పెరిగినది. ఈ పెరుగుదలలో కర్నూలు, ప్రకాశం, కడప, అనంతపురం జిల్లాల నల్లరేగడి భూములది ముఖ్యభాగము. నంద్యాల శాస్త్రజ్ఞులు ఆ తరువాత తమ స్వంత రకములను అందించినారు. వానిలో ఎన్.బి.ఇ.జి. 47 అను రకము నిటారుగా, ఎత్తుగా పెరుగును గనుక యంత్రముతో కోయుటకు అనువైనది.

ఈ కథలో గమనింపదగినది ఒకటి ఉన్నది. మొదటి సంకరము చేసిన నాటికిని రైతు గాదె నిండిన నాటికిని నడుమ పదునైదేండ్లకు పైగా గడచినవి. నడుమ ఏ సంవత్సరమున ఎవరు వచ్చి "ఈ ఏడు మీరు సాధించినదేమి?" అని అడిగినను, చూపుటకు కొన్ని మడుల మొక్కలు, కొన్ని నోటుపుస్తకములు తప్ప ఏమియు ఉండవు. ఆ ఏడు ఖర్చు దండుగ అని పైకము నిలిపివేసి ఉన్నచో ఆ మొక్కలు అంతటితో పోయెడివి. ఎన్నిక పని తెగిన దారమును మరల ముడివేసినట్లు ముడివేయుటకు వీలైనది కాదు.

నూటికి అరువదినాలుగు పైసలు

మన దేశము పరిశోధనకు ఎంత ఖర్చు పెట్టుచున్నది? కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ లెక్కల ప్రకారము 2020-21లో ప్రభుత్వము, కంపెనీలు, విశ్వవిద్యాలయములు అన్నియు కలిసి పరిశోధన, అభివృద్ధులకు పెట్టిన ఖర్చు సుమారు 1,27,381 కోట్ల రూపాయలు. అంకె పెద్దదే. కాని దేశపు మొత్తము ఉత్పత్తితో పోల్చినచో అది 0.64 శాతము. అనగా దేశము నూరు రూపాయలు సంపాదించినచో అందులో అరువదినాలుగు పైసలు పరిశోధనకు పోవుచున్నవి. అదే కాలమున చైనాలో ఇది సుమారు రెండు రూపాయల నలుబది పైసలు; దక్షిణ కొరియాలో దాదాపు నాలుగు రూపాయల ఎనుబది పైసలు. అక్కడ అందులో అధికభాగము పరిశ్రమలు భరించును. మన దేశములో ప్రైవేటు పరిశ్రమల భాగము మూడవ వంతునకు కొంచెము పైన మాత్రమే.

2017 ఆగస్టు 9న దేశములోని అనేక నగరములలో శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు, విద్యార్థులు వీధులలో నడచినారు. ప్రయోగశాలలు విడిచి వీధిలోకి రావలెనని సామాన్యముగా వారికి ఉండదు. దేశ ఉత్పత్తిలో కనీసము 3 శాతము విజ్ఞాన సాంకేతిక పరిశోధనకు, 10 శాతము విద్యకు కేటాయించవలెనని వారు కోరినారు. ఆ కోరికల జాబితా అంతటితో ఆగలేదు. ప్రభుత్వ విధానములు సాక్ష్యాధారములు గల విజ్ఞానముపై నిలువవలెననియు, రాజ్యాంగములోని 51ఎ (హెచ్) నిబంధన పౌరుని విధిగా చెప్పిన శాస్త్రీయ దృక్పథమునకు విరుద్ధమైన ప్రచారము కూడదనియు కూడ అడిగినారు. పైకము అడిగిన నోటితోనే సాక్ష్యము కూడ అడిగినారన్నమాట.

ఇది క్రొత్త మాటయు కాదు. నక్షత్రముల వర్ణపటములను వివరించిన సమీకరణమునకు ప్రసిద్ధుడైన మేఘనాథ సాహా 1952లో లోక్‌సభకు స్వతంత్ర సభ్యుడుగా ఎన్నికైనారు. 1954 మే నెలలో అణుశక్తి శాంతియుత వినియోగము పైన సభలో జరిగిన చర్చలో ఆయన పాల్గొని, ఆ రంగమునకు విస్తృతమైన కృషి, విశ్వవిద్యాలయముల సహకారము కావలెనని, దానిని రహస్యపు తెర వెనుక ఉంచరాదని వాదించినారు. దేశములో అణు భౌతికశాస్త్ర బోధనకు, పరిశోధనకు పునాది వేసినవారిలో ఆయన ఒకరు. తాను ప్రేమించిన శాస్త్రమునకు పైకము కావలెనని కోరినవాడే, ఆ పైకము ఖర్చగు విధము చట్టసభకు తెలియవలెనని పట్టుపట్టినాడు.

లెక్క అనగా ఏమి?

శాస్త్రజ్ఞుని లెక్క అడుగుట ఎట్లు? కాంట్రాక్టరును రోడ్డు ఎన్ని మైళ్ళు వేసితివని అడిగినట్లు అడుగుటకు వీలులేదని పైన చూచితిమి. ప్రయోగము విఫలమగుట నేరము కాదు. విఫలమైన ప్రయోగమును దాచుట నేరము. అందుచేత పరిశోధన లెక్కలో మూడు పద్దులు ఉండవలెను.

మొదటి పద్దు పైకముది. ఇది ఆడిటరు చూచుకొనును. రెండవది ఫలితముది. ప్రజాధనముతో వచ్చిన ఫలితము ప్రజలకు చదువ దొరకవలెను. కేంద్ర ప్రభుత్వపు విజ్ఞాన సాంకేతిక, జీవసాంకేతిక శాఖలు 2014లోనే, తమ ధనసహాయముతో వెలువడిన వ్యాసములను అందరికి అందుబాటులో ఉంచవలెనని విధానము ప్రకటించినవి. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఏ పౌరుడైనను ప్రభుత్వ పరిశోధన సంస్థను వివరములు అడుగవచ్చును.

మూడవది పర్యవసానముల పద్దు. ఇది అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె ముఖ్యమైనది. పప్పుశనగ విషయములో ఇక్రిశాట్ వారు తమ రకములు విడుదల చేసి ఊరకుండలేదు. ఏండ్ల తరువాత తమ ఆర్థికశాస్త్రజ్ఞులను ఊళ్ళకు పంపి, ఎవరు ఏ రకము వేసినారు, ఎంత మిగిలినది అని కనుగొని 2014లో ప్రకటించినారు. పొట్టిపంట రకముల మీద పెట్టిన పరిశోధన వ్యయము ఏటికి సుమారు 28 శాతము చొప్పున ప్రతిఫలము ఇచ్చినదని వారి అంచనా. ఐతే లెక్కలో జమ ఒక్కటే ఉండదు. సాగుభూమిలో అత్యధికభాగము జె.జి. 11 అను ఒక్క రకముతోనే నిండినది. ఒకే రకము వ్యాపించిన చోట శిలీంధ్రము క్రొత్త రూపము దాల్చినచో నష్టము ఒక్కసారిగా అందరిదియు అగును. దిగుబడి పెరిగిన తరువాత ధర పడిపోయి రైతులు గిడ్డంగులలో సరకు పెట్టుకొని ఎదురుచూచిన సంవత్సరములును ఉన్నవి. విత్తన శాస్త్రజ్ఞుడు ధరను నిర్ణయింపలేడు. కాని ఈ సంగతులు లెక్కలో చేర్చి చెప్పినప్పుడే రైతు తక్కిన అంకెలను నమ్మును.

తుమ్మలపల్లె నీటి ప్రశ్న

ఇక రెండవ దృశ్యమునకు వత్తము. కడప జిల్లా వేంపల్లె శిలలలో యురేనియము ఉన్నదని మన అణుఖనిజ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 2007లో తుమ్మలపల్లె గనికి శంకుస్థాపన జరిగినది. 2012లో మిల్లు పనిచేయ నారంభించినది. దినమునకు 3,000 టన్నుల ఖనిజమును శుద్ధిచేయు శక్తితో దీనిని నిర్మించినారు. ప్రభుత్వరంగములోని యురేనియం కార్పొరేషన్ దీనిని నడపుచున్నది.

ఈ ఖనిజములో యురేనియము పాలు మిక్కిలి తక్కువ: టన్ను రాతిలో యురేనియం ఆక్సైడు సుమారు 400 గ్రాములు. రాయి సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు. దానిపై ఆమ్లము పోసినచో ఆమ్లమంతయు రాతితోనే వ్యర్థమగును. అందుచేత ఇక్కడ క్షారపద్ధతి అవలంబించినారు. సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణములతో, వేడిమి, ఒత్తిడి కల్పించి యురేనియమును కరగించి తీయుదురు. యురేనియము తీసిన పిమ్మట దాదాపు రాయి అంతయు మిగులును. సోడియము లవణములతోను, యురేనియము సంతతియైన రేడియము వంటి మూలకములతోను కూడిన ఈ మెత్తని బురదను నిలువచేయుటకు కట్టిన చెరువే టెయిలింగ్ పాండు.

చెరువు సమీపమున ఉన్న మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల, కనంపల్లె మొదలగు గ్రామముల రైతులు తమ బోరునీరు చెడినదని, తోటలు ఎండుచున్నవని ఫిర్యాదు చేసినారు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో ప్రధాన శాస్త్రజ్ఞుడుగా పనిచేసి విరమించిన డాక్టర్ కె. బాబూరావు ఈ విషయమును అధ్యయనము చేసి, 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వ్రాసినారు. చెరువు అడుగున నీరు ఇంకకుండ పరచవలసిన పొరను అనుమతి షరతులలో చెప్పిన రీతిగా పరచలేదని ఆయన ఆరోపణ. మండలి సంస్థకు నోటీసు ఇచ్చినది. 2019లో నిపుణుల సంఘమును నియమించినది. సంస్థ ఈ ఆరోపణను అంగీకరింపలేదు. చెరువును అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదము ప్రకారము నిర్మించితిమనియు, ఆ ప్రాంతపు రాళ్ళలోనే యురేనియము ఉన్నది గనుక భూగర్భజలములో అది సహజముగా ఉండుననియు దాని సమాధానము.

ఇరుపక్షముల మాటయు విన్నాము. సైన్సు విద్యార్థి ఇప్పుడు చేయవలసినది ఏమి? ఏ ఒక్కరిని ముందుగా నమ్మరాదు. ఏ పరీక్ష ఈ తగవును తీర్చునో ఆలోచింపవలెను. యురేనియము రాతిలో సహజముగా ఉండుట నిజమే. అందుచేత బావిలో యురేనియము ఉన్నదని తేలినంత మాత్రమున చెరువు కారుచున్నదని రుజువు కాదు. అట్లే, సహజముగా ఉండవచ్చును గనుక చెరువు కారుటలేదని చెప్పుటయు రుజువు కాదు. నాలుగు సాక్ష్యములు కావలెను.

మొదటిది పూర్వపు లెక్క. గని రాకమునుపు, 2007కు ముందు, అవే బావులలో ఏమేమి ఎంతెంత ఉన్నవి? రెండవది పోలిక. భూగర్భజలము ప్రవహించు దిశలో చెరువుకు ఎగువన ఉన్న బావులు, దిగువన ఉన్న బావులు, దూరము పెరిగినకొలది ఎట్లు మారుచున్నవి? మూడవది తోడుగుర్తులు. మిల్లు నీరు కలిసినచో యురేనియము ఒక్కటే పెరుగదు. దానితోపాటు సోడియము, సల్ఫేటు కూడ పెరుగవలెను. యురేనియములోని 234, 238 ఐసోటోపుల నిష్పత్తి కూడ ఒక గుర్తు. రాళ్ళనుండి సహజముగా కరగిన నీటిలో 234 యొక్క రేడియో క్రియాశీలత తరచుగా 238ది కంటె హెచ్చుగా ఉండును. మిల్లులో రాయిని పొడిచేసి కరగించిన ద్రావణములో రెండును దాదాపు సమానముగా ఉండును. నాలుగవది రెండవ చేయి. ఒకే సీసానీటిని పంచి, సంబంధములేని రెండు ప్రయోగశాలలలో, ఏ ఊరి నీరో తెలియకుండ పరీక్షించవలెను.

ఎంత ఉన్నచో హెచ్చు అనుటలో కూడ ఏకాభిప్రాయము లేదు. త్రాగునీటిలో యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 మైక్రోగ్రాముల హద్దును నిర్ణయించినది. ఒక బోరులో 45 ఉన్నదనుకొనుడు: ఒక హద్దు ప్రకారము ఆ నీరు కూడదు, ఇంకొక హద్దు ప్రకారము కూడును. ఈ హద్దులు ఏ ఊహలమీద కట్టబడినవో, మనిషి దినమునకు ఎన్ని లీటర్లు త్రాగునని లెక్కవేసినారో, ఎండకాలమున పొలములో పనిచేయు సీమ కూలీకి ఆ లెక్క సరిపోవునో లేదో అందరి ముందర చర్చింపవలసిన విషయములు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. పై నాలుగు సాక్ష్యములు ఎవరు సమకూర్చవలెను? బావులను ఏటేట, ముంగారి ముందు ఒకమారు, హింగారి తరువాత ఒకమారు కొలువవలెను. ఐసోటోపులను కొలుచు వర్ణపటమాపకములు లక్షలు, కోట్లు విలువ చేయును. పల్లె రైతు ఆ ఖర్చు భరింపలేడు. గని సంస్థ తానే కొలిచి తానే చెప్పినచో, అది సత్యమే ఐనను పల్లె నమ్మదు. తగవులో వాటాలేని, ప్రజాధనముతో నడచు, ఫలితమును దాచక ప్రకటించు ప్రయోగశాల కావలెను. మన సీమలోని విశ్వవిద్యాలయములకు, కళాశాలలకు అట్టి పరికరములు, నిలుకడగల ఉద్యోగులు, ఏండ్ల తరబడి తెగని గ్రాంటు ఉన్నచో, రైతు ప్రశ్నకు జవాబు జిల్లాలోనే దొరకియుండెడిది. పరిశోధనకు పైకము లేనిచో లెక్క అడుగుటకు సాధనమే ఉండదు. లెక్క చెప్పని పరిశోధనకు పైకము ఇచ్చుటకు ప్రజలకు మనసు రాదు.

ముందున్న దారి

పార్లమెంటు 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠాన చట్టమును చేసినది. 2023 నుండి 2028 వరకు ఐదేండ్లలో 50 వేల కోట్ల రూపాయలు పరిశోధనకు సమకూర్చవలెనని సంకల్పము. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వనరులనుండి, అనగా పరిశ్రమలు, దాతలనుండి రాగలవని అంచనా వేసినారు. పరిశ్రమలు పరిశోధనకు ముందుకు వచ్చుట మంచిదే. ఇతర దేశములలో అదియే బలము. కాని శనగపువ్వు చెప్పిన పాఠమును మరువరాదు. స్వపరాగ సంపర్కము గల మెట్టపైరు మీద గాని, గని ప్రక్కన ఉన్న బావినీటి మీద గాని పరిశ్రమకు లాభము లేదు. ఎవరి లాభమునకు చెందక అందరి మేలునకు చెందిన ఇట్టి విషయములకు ఖజానా పైకము విడిగా, తగ్గక ఉండవలెనని శాస్త్రజ్ఞులు అడుగుటలో న్యాయము ఉన్నది. అట్లు అడుగు శాస్త్రజ్ఞుడు తన నోటుపుస్తకమును తెరచి చూపుటకు సిద్ధముగా ఉండవలెను. తన సంస్థకు రుచింపని ఫలితమును కూడ చెప్పగల స్వేచ్ఛ అతనికి ఉండవలెను. తుమ్మలపల్లె విషయములో గట్టిగా మాటాడినవారు ఉద్యోగ విరమణ చేసినవారగుట కొంత ఆలోచింపవలసిన సంగతి.

హైస్కూలులో దీనిని పాఠముగా చెప్పుటకు వీలున్నది. అక్టోబరులో రేగడి చేనినుండి జానెడు లోతు మన్ను నూరు గ్రాములు తెచ్చి, ఎండబెట్టి, మరల తూచినచో అందులోని తేమ తెలియును. పదునైదు దినములకు ఒకమారు ఫిబ్రవరి వరకు ఇట్లు చేసి గ్రాఫు గీసినచో, జె.జి. 11 ఎందుకు నెగ్గినదో విద్యార్థికి కంటికి కనబడును. ఊరి బావినీటిలో కరగిన లవణముల మొత్తమును చిన్న మీటరుతో నెలనెల కొలిచి వ్రాయుట రెండవ పని. తేది, బావి పేరు, కొలిచినవారి పేరు, మీటరు రకము, వచ్చిన అంకె ఇవన్నియు ఉండవలెను. అనుకొన్న అంకె రానప్పుడు దిద్దరాదు, రబ్బరు వాడరాదు, తప్పు ఐనచో గీత కొట్టి ప్రక్కన కారణము వ్రాయవలెను.

ఆ నోటుపుస్తకమును పాఠశాల వరండాలో, ఊరివారు ఎవరు వచ్చినను తిరగవేసి చూచునట్లు వ్రేలాడదీయవలెను. మీటరు ఖరీదు పాఠశాల నిధినుండి వచ్చినది గనుక ఆ అంకెలు ఊరివి. పదేండ్ల తరువాత ఆ బావిమీద ఏదైన తగవు వచ్చినచో, "పూర్వపు లెక్క ఏది?" అని అడుగువానికి చూపుటకు ఆ పుస్తకము ఉండును.